పిలుపుల్లేని ట్రాక్టర్ల పేరంటం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా చెప్పేస్తాను. నాకు ట్రాక్టర్లంటే ఇష్టం లేదు. పాతవీ కొత్తవీ, తుప్పు పట్టినవీ తళతళలాడేవీ, ఏవీ ఇష్టం లేదు. కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊళ్ళో చదువుకున్నన్నాళ్ళూ, చదువయ్యాక అక్కడే చిన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ, వేసవి వచ్చిందంటే పాత గార్డెన్ ట్రాక్టర్ల పిచ్చివాళ్ళందరినీ ఒకచోట చేర్చే పని నా నెత్తినే ఉండేది కాబట్టి నన్నెరిగిన వాళ్ళంతా ఆ పిచ్చి నాకూ ఉందనుకున్నారు. మా బాబాయైతే నా పుట్టినరోజుకి ఇప్పటికీ ఏదో ఒక ఇంజిన్ స్టార్టయ్యే వీడియో పంపిస్తాడు. చాలా బాగుంది బాబాయ్ అని జవాబు రాసి, ఆ విసుగంతా తీసుకెళ్ళి డైరీలో పోసుకుంటాను.

కిందటి శనివారం పొద్దున, ఇక్కడ ఒట్టావా పక్కనున్న కనాటాలో, పార్కింగ్ మూలల్లో నల్లబడిన మంచు కుప్పలు ఇంకా కరగనే లేదు, నేను కాఫీ కలుపుకుని, వారమంతా ఊరించిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానో లేదో, ఫోన్ టింగుమంది. "ఈ ఏడు ఉందా?" అంతే. పేరు లేదు, పలకరింపు లేదు, ఏది ఉందా అన్నది లేదు. మంచు కరిగే వేళకి ఏటా ఈ ప్రశ్న వస్తుంది. నేను ఊరు మారిపోయానండీ, ఇప్పుడు నాకేమీ సంబంధం లేదండీ అని ఏటా చెబుతాను. ఓ, అలాగా, కొత్త ఊరు బాగుందా, ఇంతకీ ఉందా, అంటారు. ఈసారి ఆ ప్రశ్నకి నా దగ్గర నిజంగానే జవాబు లేదు. ఎందుకో చివర్న చెబుతాను.

నాలాగా స్టూడెంట్ వీసా మీద వచ్చి, బంధువుల ఇంటి బేస్‌మెంట్‌లో తలదాచుకున్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. ఆ ఇంటివాళ్ళకి ఏ పిచ్చి ఉంటే అది మనకీ అంటుకుంటుందని మీకు వేరే చెప్పక్కర్లేదు. నా స్నేహితురాలొకతె టొరంటోలోని నార్త్ యార్క్‌లో వాళ్ళ అంకుల్ గారి పిల్లల్ని కూచిపూడి క్లాసుకి దింపుతూ రెండేళ్ళు గడిపింది. ఇంకొకతె వినాయకచవితి పందిట్లో చెప్పుల కాపలా కాసింది. నాకు ట్రాక్టర్లు రాసిపెట్టి ఉన్నాయి.

బాబాయంటే మా నాన్నగారికి పిన్ని కొడుకు. గ్వెల్ఫ్‌లో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇల్లు కొన్న కొత్తల్లో, ఎవరింటి ముందో అమ్మకానికి పెట్టిన ఒక పాత గార్డెన్ ట్రాక్టరు ఆయన కంటబడింది. గార్డెన్ ట్రాక్టరంటే పొలం దున్నేది కాదు. పెరట్లో గడ్డి కోసుకోవడానికి, చలికాలం వాకిట్లో మంచు తోసుకోవడానికి వాడే బుల్లి ట్రాక్టరు. మనిషి ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు రెండూ పైకి లేచి గాడిదపిల్ల మీద ఊరేగుతున్నట్టుంటుంది. ఆ మొదటిది నడవలేదు. దాన్ని నడిపించడానికి కావలసిన సామాన్ల కోసం రెండోది కొన్నాడు. రెండోది బాగానే నడిచేసరికి దాన్ని విప్పడానికి మనసొప్పక మూడోది కొన్నాడు. నేను దిగేనాటికి గరాజు నిండిపోయి, కారు ఆరుబయట మంచులో నిలబడి ఉండేది.

పిన్ని చలికాలం పొద్దున్నే కారు మీది మంచు గీకుతూ, వీధంతా వినబడేలా అనేది. "కారేమో చలిలో, వీళ్ళేమో వెచ్చగా లోపల! ఏమండీ, సంబంధాలు చూసి వీటికి పెళ్ళిళ్ళు చేసెయ్యండి. అత్తారిళ్ళకి పోతాయి, పీడా వదులుతుంది."

"నీకు తెలీదే, అది ఇంజిన్ కాదు, దానికో ప్రాణం ఉంది," అని బాబాయి గరాజులోంచి.

"ప్రాణముంటే కదలాలిగా! పొద్దుట్నించీ తన్నుతూనే ఉన్నారు."

ఈ పిచ్చి ఆయనొక్కడిదే అయితే సరిపోయేది. ఊరి చివర, చిన్న గుట్ట వెనకాల పొలమున్న ఒక పెద్దాయన ఇంట్లో నెలకో శనివారం ఇలాంటివాళ్ళంతా తమ తమ బుల్లి ట్రాక్టర్లను ట్రెయిలర్ల మీద కట్టుకొచ్చి కలుసుకుంటారని బాబాయికి తెలిసింది. రెండుసార్లు వెళ్ళొచ్చాక, మా అన్నయ్య కూతురు ఉంది, ఇంగ్లీషు బాగా రాస్తుంది, పుస్తకాలు తెగ చదువుతుంది అని వాళ్ళకి నన్ను గురించి చెప్పేశాడు. పుస్తకాలు చదవడానికీ ట్రాక్టర్లకీ ఏమిటి సంబంధమని వాళ్ళెవరూ అడగలేదు. ఫోన్ మోగితే అవతలివాళ్ళు పెట్టేసేదాకా దాని వంక చూస్తూ కూర్చునే పిల్లనని బాబాయికి తెలుసు. అయినా, "నువ్వు మాట్లాడక్కర్లేదు తల్లీ, ఉత్త ఈమెయిలు," అన్నాడు. ఆ ఉత్త ఈమెయిలు నా యవ్వనాన్ని నమిలేసింది.

వాళ్ళకొక గర్వం ఉండేది. మాది సంఘం కాదు, మాకు అధ్యక్షుడు లేడు, మేము ఎవర్నీ పిలవము, రావాలనిపించినవాళ్ళు వస్తారు అని ఛాతీ విరుచుకుని చెప్పేవాళ్ళు. మన భాషలో దీన్ని పిలవని పేరంటం అంటారు. పిలుపులు లేకపోయినా పేరంటానికి శనగలు ఎవరో ఒకరు నానబెట్టాలి కదా. ఆ నానబెట్టేదాన్ని నేను. తారీఖు రాస్తే జవాబులు ఇలా ఉండేవి: వాన లేకపోతే రావచ్చు, రాననే అనుకో, కానీ వచ్చినా వస్తాను, మా ఆవిణ్ణడగాలి, ఏ తారీఖన్నావు? ఒక్కరంటే ఒక్కరు వస్తాననో రాననో తెగేసి చెప్పి ఎరగరు. పది గంటలకి అని రాస్తే ఎనిమిదింటికే వచ్చి, పది గంటలకి మేము వంటలతో వెళ్ళేసరికి ఇంత ఆలస్యమేం అన్నట్టు చూసేవాళ్ళు. ఎవరేం తెస్తారో ముందే చెప్పండయ్యా అని బతిమాలితే, చూద్దాంలే అని, అందరూ కూడబలుక్కున్నట్టు బంగాళాదుంపల సలాడే తెచ్చేవాళ్ళు. పిన్ని పులిహోర ఒక్కటే వేరే రంగులో కనబడేది, మొదట అయిపోయేదీ అదే.

వచ్చాక ఏం చేసేవాళ్ళు? ఏమీ చేసేవాళ్ళు కాదు. ఒక ట్రాక్టరు చుట్టూ చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. కాసేపటికి ఒకరు ఊఁ అనేవాళ్ళు. ఇంకాసేపటికి అందరూ కలిసి పక్క ట్రాక్టరు దగ్గరికి నడిచి, అక్కడ చేతులు కట్టుకునేవాళ్ళు. నేను కొట్టం వెనక నీడలో పుస్తకం పట్టుకుని కూర్చుని, వీళ్ళని కూడగట్టడానికా నేను పరీక్షల వారంలో ఈమెయిళ్ళు రాసింది అని పళ్ళు కొరుక్కునేదాన్ని.

వాళ్ళ మధ్య మరో విచిత్రమైన మర్యాద ఉంది. ఎవరి బండి వాళ్ళదే. అది మొరాయించి, దాని యజమాని గంటసేపు చెమటలు కక్కుతున్నా సరే, ఆయనగా వెనక్కి జరిగి కాస్త చూస్తావా అనేదాకా ఇంకొకరు దాని మీద చెయ్యి వెయ్యరు. మన దగ్గర రోడ్డు మీద స్కూటరు ఆగితే దారిన పోయేవాళ్ళు నలుగురు చేరి, ఒకరు కిక్కు కొట్టి, ఒకరు ప్లగ్గు తుడిచి, ఇంకొకరు పెట్రోలుందా అని మూత తీసి వాసన చూస్తారు కదా, బాబాయి ఆ బడిలో పెరిగినవాడు. పొలం పెద్దాయన ట్రాక్టరు ఒకసారి దగ్గి ఆగిపోతే, అందరూ చేతులు కట్టుకుని చూస్తుండగానే ఈయన చొక్కా చేతులు మడిచి తిన్నగా కార్బురేటర్‌లో వేళ్ళు పెట్టేశాడు. పెద్దాయన ఆ వేళ్ళకేసి కాసేపు చూసి, వంగి, తన చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు అందించాడు. అంతే, ఆ రోజు నుంచీ వాళ్ళిద్దరూ ఒకరికొకరయ్యారు. ఆయనవి పొడి మాటలు, ఈయనది తెలుగు ఇంగ్లీషు. అయినా ఆదివారాలు ఆ కొట్టంలో పొద్దు గూకేదాకా గడిచిపోయేవి. బాబాయికి ఈ దేశంలో ఫ్యాక్టరీకీ, తెలుగువాళ్ళకీ బయట ఉన్న స్నేహం అదొక్కటే. అది మాకందరికీ తెలుసు. అందుకే పిన్ని ఎంత దెప్పినా ఆదివారాలు మాత్రం భోజనం క్యారేజీ కట్టి ఇచ్చేది.

నేను ఆఫీసు పని మీద నార్త్ యార్క్‌లో ఉన్న వేసవి చివర, పెద్దాయన మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, కోలుకునేదాకా కూతురింట్లో ఉండటానికి వెళ్ళాడు. వెళ్తూ తన ట్రాక్టరును బాబాయికి అప్పగించాడు. అక్టోబరులో ఏడాది చివరి కలయికకి తాను వస్తాననీ, ఈలోగా ఇంజిన్ కాస్త చూసి ఉంచమనీ చెప్పాడట. తన బండి మీద ఇంకొకరు చెయ్యి వేయడమే ఒప్పని ఆ మనుషుల్లో ఒకాయన, బండికి బండే ఇంటికి పంపాడంటే అదెంత నమ్మకమో బాబాయికి అర్థమైంది. నమ్మకం ఎక్కువైతే మనవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు.

కలయిక రేపనగా నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి వీధి మొదట్లోనే పెయింటు వాసన. గరాజు తలుపు తీసి ఉంది. మధ్యలో పెద్దాయన ట్రాక్టరు, పెళ్ళికొడుకులా, నిప్పు ఎరుపు రంగులో వెలిగిపోతోంది. ఇటుక పొడిలా వెలిసిపోయి ఉండే ఆ రంగంతా గీకేసి, సొట్టలు పూడ్చి, కొత్త రంగు మూడు పూతలు వేశాడు బాబాయి. దసరా రోజులు కదా, పిన్ని దాని నుదుట పసుపు రాసి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు కూడా సిద్ధం చేసింది.

ఏళ్ళ తరబడి ఆ ఈమెయిళ్ళు రాసినదాన్ని. వాళ్ళకి అసలు రంగు అన్న మాట ఎంత పవిత్రమో నాకు తెలుసు. ఫ్యాక్టరీలో వేసిన రంగు, ఎంత వెలిసినా, ఎంత రాలినా, అలాగే ఉండాలి. దాన్ని మార్చడం ముసలివాళ్ళ ముడతలు ఇస్త్రీ చేయడంలాంటిది.

"బాబాయ్, వాళ్ళు అసలు రంగు అంటారు కదా..."

"అది బద్ధకానికి పెట్టుకున్న పేరమ్మా," అని నవ్వాడు. ముక్కు మీద ఎర్ర చుక్క ఉంది. "ఆయనకి మోకాలు నొప్పి, వంగలేడు, అందుకే అలా వదిలేశాడు."

పిన్ని అందుకుంది. "పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పెట్టిస్తే ఖాళీ గిన్నె తిరిగిస్తామా? ఇదీ అంతే."

తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగివ్వడం మన ఇళ్ళల్లో లోభం కింద లెక్క.

మర్నాడు పొలం దగ్గర పెద్దాయన కూతురి చెయ్యి పట్టుకుని, కర్ర ఊతంతో కారు దిగాడు. అందరూ అప్పటికే ఎర్ర ట్రాక్టరు చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈసారి ఎవరూ ఊఁ అనలేదు. ఆయన దగ్గరికి నడిచి, ఎడమ చక్రం మీది రేకును అరచేత్తో ఒకసారి తడిమాడు. మళ్ళీ తడిమాడు. "బాగుంది," అన్నాడు. మోకాలు లాగుతోందని చెప్పి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. బాబాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశావా తల్లీ, మాట రాలేదు పాపం," అన్నాడు నాతో.

వంటింట్లో పులిహోర గిన్నె సర్దుతుంటే ఆ కూతురే నాకు చెప్పింది. ఆ ట్రాక్టరు వాళ్ళమ్మది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ పొలం గడ్డి ఆవిడే కోసేదట. కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని ఎడమ చెయ్యి ఆ రేకు మీద ఆనించేదట. అలా ఏళ్ళ తరబడి ఆనించీ ఆనించీ అక్కడ రంగు అరిగి, అరచేయంత మేర ఇనుము తేలి మెరుస్తూ ఉండేది. ఆవిడ పోయాక, ఆ చోటు కనబడుతూ ఉండాలని ఆయన ఏ రోజూ దాని మీద గుడ్డ కప్పలేదట.

ఇన్నేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఈ మాట మాకు చెప్పలేదు. చేతులు కట్టుకుని ఆ మచ్చ చుట్టూ నిలబడ్డారే గాని అది ఏమిటో నోరు తెరిచి అనలేదు. ఇంజిన్ చూడమన్న మనిషి రేకు జోలికి వెళ్ళకు అని ఒక్క మాట అనలేదు. ఇంత మర్యాద ఎందుకు, ఎవరిని ఉద్ధరించడానికి అని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ సాయంత్రం బాబాయికి విషయం చెప్పవలసింది కూడా నేనే. ఆయన వెళ్ళి గరాజులో దీపం ఆర్పి వచ్చాడు.

ఆ చలికాలం ఆ దీపం మళ్ళీ వెలగలేదు. బాబాయి ఆదివారాలు టీవీ ముందు కూర్చుని చానెళ్ళు తిప్పేవాడు. అవతల పెద్దాయన దగ్గర్నుంచి ఫోనూ లేదు, కబురూ లేదు. "ఒకసారి వెళ్ళి రండి," అని పిన్ని అంటే, "ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఆయన పిలిస్తే పరిగెత్తుకెళ్ళి కాళ్ళ మీద పడతాను. పిలవకుండా, నేనే గాయం చేసిన ఇంటికి ఎలా వెళ్ళను?" అనేవాడు. కొన్నాళ్ళకి పిన్నే నా దగ్గరికొచ్చి, "ఆ గరాజులో తన్నుళ్ళు వినబడకపోతే ఇల్లు ఇల్లులా లేదే," అంది. అంత దెప్పిన మనిషి! మార్చి రాగానే నా ఫోన్‌కి మెసేజీలు మొదలయ్యాయి. ఈ ఏడు ఉందా? ఉందా? ఉందా? అక్టోబరులో కళ్ళారా చూసినవాళ్ళే!

నాకు అప్పటికి కనాటాలో ఉద్యోగం వచ్చింది. ఇంకో వారంలో వెళ్ళిపోవాలి. నాకేం పోయింది, నాకు ట్రాక్టర్లే ఇష్టం లేదు అనుకుంటూనే సిటీ బస్సు చివరి స్టాపులో దిగి, బురదలో నడుచుకుంటూ ఆ పొలానికి వెళ్ళాను. పిజ్జాకి ఫోన్ చేయడానికే పక్కవాళ్ళ సాయం అడిగే పిల్లని. తలుపు కొట్టేముందు అనవలసిన మాటలన్నీ దారంతా వల్లె వేసుకున్నాను. ఆయన తలుపు తీసి, నేను బూట్లు విప్పి లోపలికి అడుగు పెట్టగానే అన్నీ మర్చిపోయాను.

"మీ బాబాయి ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"బాగోలేడు."

"జబ్బా?"

"కాదు. సిగ్గు."

ఆయన కర్ర మీద వాలాడు. "మరి రాలేదేం?"

"మీరు పిలవలేదు."

"ఇక్కడ ఎవర్నీ ఎవరూ పిలవరు. నీకు తెలుసుగా."

"తెలుసు! ఆ ఈమెయిళ్ళన్నీ రాసింది నేనే!" అని అరిచాను. అవును, అరిచాను. జీవితంలో పెద్దవాళ్ళ ముందు గొంతు పెంచడం నాకదే మొదలు. మీరు పిలవరు, పిలవకపోతే ఆయన రాడు, నచ్చిందీ చెప్పరు, నొచ్చిందీ చెప్పరు, మధ్యలో నన్నడుగుతారు ఉందా లేదా అని; నేనెవర్ని చెప్పడానికి? ఇలా ఏదేదో అన్నాను. అన్నాక గిన్నె సంగతి కూడా చెప్పాను. మావాళ్ళు ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వరని, బాబాయి తన చేతనైనది ఆ గిన్నెలో పెట్టి ఇచ్చాడని, అంతకు మించి ఆయన మనసులో ఏమీ లేదని.

"ఆవిడ చెయ్యి ఉండే చోటది," అన్నాడు ఆయన నెమ్మదిగా. "అది ఇక రాదు. మీ బాబాయి చెడు తలపుతో చేశాడని ఒక్కనాడూ అనుకోలేదు. చూడలేకపోతున్నాను, అంతే." తర్వాత, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "గిన్నెలో పెట్టింది మీకు నచ్చకపోతే ఏం చేస్తారు?"

"తింటాం. తిని, బాగుందంటాం."

ఆయన మీసాల కింద ఏదో కదిలింది. నవ్వో కాదో నాకు తెలియలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. నేను బూట్లేసుకుని బయటపడ్డాను.

ఆ రోజు తర్వాత నేను ఆయన్ని చూడలేదు. వేసవుల్లో రమ్మని బాబాయి ఎన్నిసార్లు అన్నా, ఆఫీసు పని ఉందనో బస్సు దొరకలేదనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని, ఇక్కడ హాయిగా పుస్తకం చదువుకునేదాన్ని. ఆ ఏడు నుంచీ ఆ ఎర్ర ట్రాక్టరు మీద పొలంలో గడ్డి అంతా బాబాయే కోసేవాడట. పెద్దాయన కొట్టం ముందు కుర్చీలో కూర్చుని వంకరగా పోతున్నావని చేత్తో చూపించేవాడట. ఈ చలికాలం ఆయన పోయాడు. కూతురు పొలం అమ్మేస్తోంది. అటు వైపంతా ఇప్పుడు ఒకే రంగు టౌన్‌హౌసులు, చేతి రుమాలంత గడ్డి. ఆ గడ్డికి ట్రాక్టరెందుకు, కత్తెర చాలు. వచ్చేవాళ్ళలో సగం మంది ట్రెయిలరు లాగే ఓపిక లేక బండ్లు అమ్మేసుకున్నారు. అయినా, ఎక్కడ కలుద్దాం, ఎవరు చూస్తారు అని అడిగే దిక్కు లేదు గాని, ఉందా అని అడగడానికి మాత్రం అందరికీ నా నంబరే. నిన్న బాబాయిని అడిగితే, మన వాకిట్లోనే పెట్టేద్దాం అన్నాడు. వెనక నుంచి పిన్ని కేకలు ఫోన్‌లో స్పష్టంగా వినబడ్డాయి. అయితే ఎంతమందికి పులిహోర కలపాలో ముందే చెప్పి చావమనండి, అంటోంది. ఎంతమందో నేను మాత్రం ఎలా చెప్పగలను? అదొక్కటే ఆ మనుషుల నోట ఎన్నడూ వినలేకపోయాను.

వస్తారో రారో తేల్చి చెప్పని ఆ మనుషుల మీద నాకింకా చిరాకే. కానీ ఇప్పటి నా రోజుల్లో ప్రతి మీటింగుకీ పిలుపు ఉంటుంది, నిమిషాలతో సహా. వస్తానో రానో నొక్కడానికి మీట ఉంటుంది. అందరూ సమయానికి వస్తారు, ఎవరి వేళ్ళకీ మసి ఉండదు. వారం తర్వాత ఎవరి మొహమూ గుర్తుండదు.

ఆ రోజు, పెద్దాయన మీద అరిచి వచ్చిన రోజు, నేను బురదలో గేటు దాకా నడిచాక వెనక నుంచి కర్ర చప్పుడు వినబడింది. ఆపరేషన్ కాలుతో అంత దూరం వచ్చాడాయన. గేటు గడియ మీద చెయ్యి వేసి, నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"శనివారం రమ్మన్నానని మీ బాబాయికి చెప్పు. నేనే పిలిచానని చెప్పు. రంగు డబ్బా మాత్రం ఇంట్లో వదిలేసి రమ్మను."